పదిహేను నుంచి ముప్ఫై వరస

రగ్బీలో టోంగా చేతిలో ఓడిన రోజు మా సమోవాలో ఎవరికీ ముద్ద గొంతు దిగదు. గెలిచిన రోజు చూడాలి, ఎవడికి వాడే బంతి చంకన పెట్టుకుని పరిగెత్తినట్టు మాట్లాడతాడు. మాసినాకి ఆ ఆట మీద ధ్యాస లేదు. ఆమె పందెం వేరు. రాజధాని అపియాలో రేవుకి ఎదురుగా ఉన్న ఒక సర్కారు మేడ రెండో అంతస్తులో కూర్చుని ఇరవై రెండేళ్లుగా ఆమె చావులు లెక్కపెడుతోంది.

అన్ని చావులూ కాదు, ఆపగలిగినవి. డెబ్భై అయిదేళ్లు నిండకుండా పోయిన మనిషి, వేళకి ఒక సూదో, నాలుగు మాత్రలో, చెయ్యి తిరిగిన మంత్రసానో దొరికుంటే ఇంకా తిరుగుతూ ఉండేవాడని డాక్టర్లు ఒప్పుకున్న చావులు. ఏటా ఈ లెక్క సమోవాదీ టోంగాదీ పక్కపక్కన పెట్టి ఒక బొమ్మ గీస్తారు. మాది నీలం గీత, వాళ్లది ఎర్ర గీత. కిందికి దిగినవాడు గెలిచినట్టు. ఇరవై ఏళ్లుగా రెండు గీతలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నడిచాయి. చావుల్లో గెలుపేమిటని అడిగే తెలివైనవాళ్లు ఆ మేడలోకి అప్పుడప్పుడూ ఉద్యోగానికి వచ్చేవాళ్లు గానీ, ఎక్కువ కాలం ఉండేవాళ్లు కాదు.

ఈ ఏడు నీలం గీత మెట్లు దిగడం మానేసి జారుడుబల్ల ఎక్కింది. డైరెక్టరు సెఉమానూ ఆ బొమ్మని గోడంత అచ్చు వేయించి గుమ్మం ఎదురుగా పెట్టించాడు. ఆయన భారీ మనిషి, చర్చిలో పెద్ద, ఊళ్లో బిరుదున్నవాడు. సంతోషం వస్తే దాచుకోలేడు. పని వేళలోనే అందరికీ కొబ్బరిపాల బన్నులు, వేడి కోకో తెప్పించాడు.

"చూశావా మాసినా, వాళ్లింకా పైనే వేలాడుతున్నారు. మనం నేల మీద కాలు పెట్టేశాం," అన్నాడు.

"అవును సార్," అంది మాసినా, బన్ను తింటూ. ఆమెకీ సంతోషంగానే ఉంది. ఇరవై రెండేళ్ల చాకిరీ, ఆ మాత్రం ఉండదా?

బన్నులతో పాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. ఈ లెక్కలు చూసి మందులకి సాయం చేసే విదేశీ సంస్థ రాసింది. సమోవాలో గుండె జబ్బుతో పోయే కుర్రాళ్లు ఇంచుమించు లేకుండా పోయారు కాబట్టి, ఇక సూది బండి అవసరం లేదేమో, మూడు వారాల్లో జరిగే సమావేశంలో పట్టిక చూసి తేల్చేద్దాం అని దాని సారాంశం.

సూది బండి అంటే ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, దాన్ని చూస్తే సీమపనస చెట్టెక్కి దాక్కుంటారు. పిల్లలకి గొంతు నొప్పి వస్తుంది, అదే పోతుందిలే అని వదిలేస్తాం. అది జ్వరంగా మారి, కీళ్లు వాచి, చివరికి గుండెలో దిగబడుతుంది. ఒకసారి దిగబడ్డాక ఇరవై ఎనిమిది రోజులకోసారి తుంటి మీద సూది వేయించుకోవాలి, ఏళ్ల తరబడి. వేయించుకున్నవాళ్లు బతుకుతారు. ఆ సూది పట్టుకుని ఒక నర్సు చల్లపెట్టెతో ఊరూరా తిరుగుతుంది. పదకొండేళ్ల కిందట, మొదటిసారి గీత బాగా దిగిన మర్నాడే అన్నట్టు, సవాయీ దీవిలో దూరపు ఊళ్లకి బండి మానేశారు. ఇప్పుడు మొత్తానికే ఆపుతారు. మాసినా సంతకం చేసిన పట్టిక బల్ల మీద పడితే చాలు.

ఆమెకి అందులో తప్పేమీ తోచలేదు. చావులు తగ్గితే బండెందుకు?

మర్నాడు టోంగా నుంచి లెసియెలీ ఫోన్ చేసింది. అక్కడ ఇదే పని చేసే మనిషి. మాసినా పెద్దనాన్న కూతురు లెసియెలీ అన్నని చేసుకుంది కాబట్టి ఇద్దరూ వదినా అనుకుంటారు, ఆ వరస అడ్డం పెట్టుకుని ఒకళ్లనొకళ్లు ఎంత మాటైనా అంటారు.

"ఏం వదినా, మీ కుర్రాళ్లకి అమృతం పోసి పెంచుతున్నారా?"

"కడుపు మంట ఇక్కడిదాకా తెలుస్తోంది," అంది మాసినా.

"మంటే మరి. దాచుకుంటానా? మా డైరెక్టరు పొద్దున్నించీ నా మొహం చూడట్లేదు. సరే, పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల వరస చూశావా నువ్వు?"

"చూశా. బాగుంది."

"బాగుండటం కాదు తల్లీ. జనంలో మీరు మాకు రెండింతలు. మా కుర్రాళ్లు ముగ్గురు పోయిన చోట మీకొక్కడు పోయాడు. ఇద్దరం అదే సముద్రంలో పడతాం, అదే డబ్బా మాంసం తింటాం. మీ వాళ్లు చెట్లెక్కరా? మోటారు సైకిళ్లెక్కరా?"

"మేం ప్రార్థన ఎక్కువ చేస్తాం."

"మా కంటేనా?" లెసియెలీ పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, మామూలు గొంతుతో అడిగింది. "అది కాదు గానీ, మనిషి పోయినట్టు మీకెవరు చెప్తారు? మా దగ్గర ఊరి పెద్ద నెలకోసారి ఫోన్ చేస్తాడు. చెయ్యకపోతే నేనే చేసి తిడతా."

"మాకు కాగితం వస్తుంది."

"ఎవరు తెస్తారు?"

"పోయినవాళ్ల ఇంటివాళ్లు."

"పనులు మానుకుని బస్సెక్కి అంత దూరం ఎందుకొస్తారు వదినా?"

జవాబు మాసినా నాలుక చివరే ఉంది. పింఛను ఆపించి రావలసింది తెచ్చుకోవడానికి. ఉద్యోగంలో దాచిన సొమ్ము తీసుకోవడానికి. భూమి పేరు మార్చుకోవడానికి. ఆ జవాబు చెప్పబోయి ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లవాడికి ఇవేవీ ఉండవు.

"వదినా, ఉన్నావా?" అంది లెసియెలీ.

"ఉన్నాను. మళ్లీ చేస్తా," అని పెట్టేసింది.

ఆ రోజంతా ఆ వరస ముందు పెట్టుకుని కూర్చుంది. ముసలివాళ్ల వరసల్లో ఏ తేడా లేదు, టోంగాతో సరిగ్గా సరిపోతున్నాయి. వయసు తగ్గేకొద్దీ అంకెలు పలచబడుతున్నాయి. ఏటేటా ఇంకాస్త పలచబడుతున్నాయి. ఇన్నేళ్లూ ఆమె దాన్ని చూసి మురిసిపోయింది. సాయంత్రం సెఉమానూ గదిలోకి వెళ్లి విషయం చెప్పింది.

ఆయన హాయిగా నవ్వాడు. "ఓడిపోతే టోంగా వాళ్లు ఎవర్ని తిడతారు? రిఫరీని. ఇప్పుడు రిఫరీవి నువ్వు. ఇంటికెళ్లి పడుకో."

ఆమె పడుకోలేదని చెప్పను, పడుకుంది, నిద్ర కూడా పట్టింది. మర్నాడు మాత్రం చావులు రాసుకునే కచేరీకి వెళ్లి, ఫాలేసినా ఊరికి సంబంధించి పన్నెండేళ్లలో వచ్చిన కాగితాలన్నిటికీ పేర్లతో జాబితా అడిగి తీసుకుంది. మామూలుగా ఆమె దగ్గరికి పేర్లు రావు. వయసు, ఆడా మగా, జబ్బు అంకె, ఊరి అంకె, అంతే వస్తాయి.

ఫాలేసినా సవాయీలో ఉంది, ఆమె పుట్టిన ఊరు. అందుకే దాన్ని ఎంచుకుంది. మేం మా వాళ్లని ఇంటి ముందే పూడ్చుకుంటాం. పరాయి ఊళ్లో కాగితం, కలం పట్టుకుని ఇంటింటి ముందూ సమాధుల మీద తేదీలు చదువుతూ తిరిగితే, మూడో ఇంటి దగ్గరే పెద్దలు పిలిచి ఎవరమ్మా నువ్వు అని అడుగుతారు. సొంత ఊళ్లో అయితే భోజనం చేసి వెళ్లమంటారు.

శనివారం పొద్దున్న పడవ దాటి, బస్సెక్కి, ఎండ ముదరక ముందే ఊళ్లో దిగింది. ఊరి మొదట్లో ముసలి ఫిలిపో ఇల్లు. ఆయన భార్య సమాధి పలకల మీద కూర్చుని కొబ్బరి పీచు పేనుతున్నాడు. మాసినాకి బాబాయి వరస.

"ఏం రాస్తున్నావే?" అన్నాడు.

"పోయినవాళ్ల పేర్లు, బాబాయ్."

"మీ ఆఫీసులో లేవూ?"

"ఉన్నాయో లేవో చూసుకుందామని."

"ఉన్నాయో లేవో తెలీకుండానే ఇన్నేళ్లూ జీతం ఇచ్చారా నీకు?" ముసలాయన నవ్వలేదు, నిజంగానే అడిగాడు.

పిన్ని పేరు జాబితాలో ఉంది. ఆవిడకి పింఛను వచ్చేది. పక్కనే చిన్న సమాధి, మీద ప్లాస్టిక్ పూలు. ఫిలిపో మనవరాలు, ఇరవై నాలుగేళ్లు, కాన్పులో పోయింది. జాబితాలో లేదు.

"ఈ పిల్లకి కాగితం రాయించలేదా బాబాయ్?"

"దేనికే? దాని పేర పొలముందా, పుట్రుందా?"

అక్కణ్ణించి మాసినా ఇల్లు తర్వాత ఇల్లు తిరిగింది. ఒక సమాధి మీద ఎవరో ఉతికిన బట్టలు ఆరేశారు, వాటిని పక్కకి జరిపి తేదీ చదివింది. ఒకచోట ఇంటావిడ చాప పరిచి కూర్చోపెట్టి, కొబ్బరి బొండం ఇచ్చి, కొడుకు ఎలా చెట్టు మీంచి పడ్డాడో మొత్తం చెప్పింది. పదహారేళ్లు. జాబితాలో లేడు. బస్సు సొంతగాడు పెతెలో ఉన్నాడు. బడి పంతులు ఉన్నాడు. పాస్టరుగారి తల్లి ఉంది, రెండుసార్లు ఉంది. గుండె జబ్బుతో పోయిన ఇరవై రెండేళ్ల ఆడపిల్ల లేదు. ఇరవై ఏడేళ్ల జాలరి లేడు. లేనివాళ్ల చావులు దాచినవేం కాదు. ఊరంతా వచ్చి ఏడ్చిన చావులే, పాటలు పాడిన చావులే, ఆచారం ప్రకారం చావింటి కట్నంగా సన్న చాపలు ఇచ్చి పుచ్చుకున్న చావులే. పడవెక్కి అపియా దాకా రాలేదు, అంతే.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. పన్నెండేళ్లలో ఊళ్లో ఇరవై మూడు సమాధులు. వాటిలో కాగితం ఉన్నవి పద్నాలుగు. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది ముప్ఫై లోపు వయసువి. ముసలివాళ్లు పోతే దేశానికి తెలుస్తోంది, కుర్రాళ్లు పోతే ఊరికి మాత్రమే తెలుస్తోంది. ఆపగలిగిన చావులు ఎక్కువగా ఆ రెండో రకంలోనే ఉంటాయి. మాసినా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని అక్క సెఫినా ఇంటికి భోజనానికి వెళ్లింది. పుట్టిల్లు అదే. ఆ ఇంటి ముందున్న సమాధులు లెక్కలోకి తీసుకోవాలని ఆమెకి తోచనే లేదు. అవి తెలిసినవే కదా.

సెఫినా చేమదుంపలు, కొబ్బరిపాలల్లో ఉడికించిన చేమాకులు, డబ్బా చేపల కూర వడ్డించింది. కూర్చున్న చోటు నుంచి మూడు సమాధులు కనిపిస్తాయి. నాన్న, అమ్మ, ఉయెలీ. ఉయెలీ సెఫినా చిన్నకొడుకు. తొమ్మిదేళ్ల కిందట, పంతొమ్మిదో ఏట, గుండె వాచి పోయాడు. మాసినా ఎత్తుకుని పెంచిన పిల్లాడు. సెలవు పెట్టి వచ్చి ఆ మూడు రోజులూ ఇక్కడే ఉంది, ఆ సమాధి మీద మొదటి పూలు ఆమే పెట్టింది.

చేమదుంప ఒలుస్తూ ఎందుకో జాబితా మళ్లీ బయటికి తీసింది. నాన్న ఉన్నాడు. అమ్మ ఉంది. ఉయెలీ లేడు. పేరు ఇంకోలా రాశారేమోనని చూసింది. ముందు ఏడు చూసింది, తర్వాత ఏడు చూసింది. లేడు.

"అక్కా, ఉయెలీ కాగితం ఎక్కడుంది?"

"ఏం కాగితం?"

"పోయినట్టు రాయించే కాగితం."

"అది నీ దగ్గర కదా ఉంటుంది," అంది సెఫినా, కూర వేస్తూ.

"నా దగ్గరెందుకుంటుంది?"

"ఎందుకుంటుందేంటే? నువ్వు చేసే పనే అది. చావులు రాసుకునే చోట ఇంటి మనిషివి నువ్వుండగా మేం మళ్లీ పడవెక్కి వచ్చి చెప్పాలా? మీ బావ అన్నాడు కూడా, వెళ్లొద్దామా అని. మాసినా ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అన్నాను. చాపలు ఎవరు ఎన్ని తెచ్చారో దగ్గర కూర్చుని అన్నీ నువ్వే రాశావు కదే. ఇది రాయలేదూ?"

ఎవరింటి నుంచి ఎన్ని చాపలు వచ్చాయో మాసినాకి ఇప్పటికీ గుర్తుంది. ఇంటివాళ్లు రాయిస్తారని ఆమె అనుకుంది. అసలు అనుకోను కూడా లేదు. అది తన పని అని ఇంటివాళ్లనుకున్నారు. అప్పట్లో ఉయెలీని పూడ్చి వచ్చాక, బుధవారం ఆఫీసుకి వెళ్లి ఆ ఏటి పట్టిక పూర్తి చేసింది. పదిహేను నుంచి ముప్ఫై వరసలో ఒక అంకె తగ్గింది. తగ్గినందుకు ఆ ఏడు ఆమెని మెచ్చుకున్నారు కూడా.

"బండి ఉన్నన్నాళ్లూ నయమే," అంటోంది సెఫినా. కొడుకు మాట వస్తే ఆమెకి చెప్పడం అలవాటు, ఎదటివాళ్లు వింటున్నారో లేదో చూడదు. "చెవి పట్టుకుని లాక్కెళ్లి పొడిపించేదాన్ని. తర్వాత మీరే బస్సెక్కి ఆస్పత్రికి రండి అన్నారు. పదిహేడేళ్లవాడు, వాడు నా మాట వింటాడా? రేపెళ్తానమ్మా అనేవాడు. ఎల్లుండి ఆట ఉంది, ఆడొచ్చి వెళ్తాననేవాడు."

మాసినాకి లెక్క తప్ప ఇంకో విద్య రాదు కాబట్టి అప్పుడూ లెక్కే చేసింది. ముందు కుర్రాళ్ల చావులు కాగితం ఎక్కలేదు. అందుకని గీత దిగింది. గీత దిగింది కాబట్టి బండి ఆగింది. బండి ఆగాక రెండేళ్లకి ఉయెలీ పోయాడు. వాడూ కాగితం ఎక్కలేదు కాబట్టి గీత ఇంకాస్త దిగింది. ఇప్పుడు మిగిలిన ఊళ్ల బండి కూడా ఆగబోతోంది. చెప్పకుండా ఉండలేకపోయింది.

"అక్కా, ఆ బండి ఆపింది నా పట్టిక చూసే."

సెఫినా గరిటె కింద పెట్టింది. ఇంటి ముందు సమాధుల వైపు చూసింది.

"ఈ మాట నాకెందుకు చెప్పావే?" అంది. లేచి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. మాసినా బస్సెక్కేటప్పుడు తోడు రాలేదు. ఎప్పుడూ చేమదుంపలు మూటకట్టి ఇచ్చేది, అదీ ఇవ్వలేదు.

సోమవారం మాసినా సెఉమానూ బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి ఫాలేసినా లెక్క, రెండోది కొత్త పట్టిక. అందులో పదిహేను నుంచి ముప్ఫై వరస ఖాళీగా ఉంది, చివర తెలియదు అని రాసి ఉంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఒక్క ఊరు చూసి దేశం లెక్క మారుస్తామా?"

"మార్చట్లేదు సార్. నాకు తెలిస్తే మార్చేదాన్ని. తెలీదు కాబట్టి ఖాళీ ఉంచాను."

"కాగితం ఉన్న చావే చావు. అది రెండు దేశాలూ ఒప్పుకున్న పద్ధతి. నేను పెట్టింది కాదు."

"వాళ్ల ఊరి పెద్దలు నెలనెలా ఫోన్ చేస్తారు సార్. మనకెవరూ చెయ్యరు."

"ఖాళీ వరస ఉంటే గీత గియ్యడం కుదరదు, తెలుసు కదా. మన గీతే ఉండదు. టోంగాది ఒక్కటే ఉంటుంది బొమ్మలో. వాళ్ల ముందు మనం మా పిల్లలు బతికున్నారో పోయారో మాకు తెలీదని చెప్పాలి. అదేనా నువ్వు నన్ను చెయ్యమనేది?"

"అవును సార్."

సెఉమానూ చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. అరవలేదు, బెదిరించలేదు. సమావేశం వేళకి ఆలోచించుకోమన్నాడు, ఆమె సంతకం లేకుండా పట్టిక చెల్లదని ఆయనకీ తెలుసు. ఆ రెండు వారాలూ ఎదురుపడితే పలకరించడం మాత్రం మానేశాడు. గోడ మీద బొమ్మ అలాగే ఉంది. మాసినాకి దాని పక్కనించి మెట్లెక్కడం కష్టంగా ఉండేది. ఒకటి రెండుసార్లు, సంతకం చేసేస్తే పోతుంది కదా, ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకుంది. ఉయెలీ పేరు బయటపెడితే మొదట నవ్వేది తననే చూసి.

సమావేశానికి ముందు రోజు సెఫినా ఫోన్ చేసింది. అంతవరకూ చెయ్యలేదు. వానలు పడుతున్నాయంది, సీమపనస ఈసారి కాపు లేదంది. తర్వాత, "రేపు నువ్వు చెప్తావటగా, సూది బండి నర్సమ్మ అంది. ఆవిణ్ణీ రమ్మన్నారట," అంది.

"చెప్పనా అక్కా?"

"చెప్పేటప్పుడు వాడి పేరు సరిగ్గా చెప్పు. ఉయెలీ అని ఊరుకోకు. వాళ్ల నాన్న పేరు కూడా చెప్పు." అని పెట్టేసింది.

మర్నాడు పదింటికి పెద్ద గదిలో అందరూ కూర్చున్నారు. సంస్థ తరఫున వచ్చిన ఒకావిడ, టోంగా నుంచి లెసియెలీ, మాసినా ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు. బండి సంగతులేమైనా అడిగితే చెప్పడానికి సూదులేసే నర్సు ఎపెనేసాని, బండి నడిపే మనిషిని పిలిపించారు. వాళ్లు గోడ వారగా కూర్చున్నారు. ప్రార్థన అయింది. మాసినా సంతకం పెట్టిన కొత్త పట్టికే అందరికీ పంచారు. లెసియెలీ ఖాళీ వరస చూసి మాసినా వైపు చూసింది. ఒక్క వెక్కిరింపు కూడా లేదు ఆ మొహంలో.

"ఈ వరస ఏమైంది?" అని అడిగింది సంస్థ ఆవిడ.

సెఉమానూ లేచాడు. "మా మాసినా మంచి పనిమంతురాలు. సొంత ఊరికి వెళ్లి కొన్ని రాళ్లు లెక్కపెట్టి వచ్చింది. దాని మీద అనుమానం పెట్టుకుంది. నేను ఒక్కటే అంటాను. మా వాళ్లు పోయినవాళ్లని గాలికొదిలేసే మనుషులు కారు. కన్నతల్లిని, బిడ్డని కళ్ల ముందే పెట్టుకుని బతుకుతాం. ఈ గదిలో ఉన్నాం కదా ఇంతమందిమి, ఎవరైనా ఉంటే చెప్పండి. మీ ఇంట్లో మనిషి పోతే కాగితం రాయించకుండా ఊరుకున్నారా?"

ఆయన ఎవరూ ఉండరనే అడిగాడు. తన మనుషుల మీద అంత నమ్మకం ఆయనకి.

మాసినా చెయ్యి ఎత్తింది. చావుల లెక్క చూసే మనిషే ఎత్తేసరికి అందరూ ఆమె వైపు తిరిగారు. కాస్సేపటికి నర్సు ఎపెనేసా ఎత్తింది. బండి నడిపేవాడు తల దించుకుని ఎత్తాడు. కోకో కప్పులు తెచ్చిన ఆడమనిషిని ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి మరీ ఎత్తింది. గుమాస్తాలు ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ఎత్తారు.

లెసియెలీ అలవాటు కొద్దీ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఆరు. అప్పుడు తన చెయ్యి కూడా ఎత్తింది.

"మీకెందుకమ్మా, మీది సరిగ్గానే ఉంది కదా," అన్నాడు సెఉమానూ.

"మా చెల్లి కూతురు. తొమ్మిదేళ్లు. ఆ నెల ఊరి పెద్ద ఫోన్ చెయ్యలేదు," అంది లెసియెలీ. "ఏడుపుల్లో ఉన్నాం, నేనూ తిట్టలేదు."

సంస్థ ఆవిడ తన ముందున్న కాగితం తిప్పి పెట్టింది. ఈ పట్టిక పూర్తయ్యేదాకా బండి ఆపడం గురించి మాట్లాడుకోవద్దని, రెండు దేశాలూ ఊరూరా తిరిగి లెక్క కట్టుకురమ్మని చెప్పింది. ఎపెనేసా బండివాడి వైపు చూసి, సోమవారం ఎక్కడికి వెళ్లాలో మెల్లిగా చెప్పింది. చేతులు ఇంకా ఎవరూ దించలేదు, దించమని ఎవరూ అనలేదు కాబట్టి.

సెఉమానూ కూర్చున్నాడు. జేబులోంచి కలం తీసి, పంచిన పట్టికనే వెనక్కి తిప్పాడు.

"పేర్లు చెప్పండి. రాస్తాను," అన్నాడు.

"ఉయెలీ," అంది మాసినా. "ఉయెలీ తౌఆ. తండ్రి సెమిసీ తౌఆ. ఊరు ఫాలేసినా. పంతొమ్మిదేళ్లు."

ఆయన రాశాడు. అక్షరం తప్పు పోయిందేమోనని అడిగి దిద్దుకున్నాడు. ఎపెనేసా చెప్పింది రాశాడు, బండివాడు చెప్పింది రాశాడు, కోకో తెచ్చినావిడ చెప్పింది రాశాడు, గుమాస్తాలవీ రాశాడు. లెసియెలీ చెప్పింది టోంగా లెక్కలోకి పోతుంది, అయినా రాశాడు. ఏడు పేర్లయ్యాయి. అందరూ చేతులు దించారు. ఆయన కలం మూత పెట్టలేదు. కాగితం మీదికి వంగి, ఎవరినీ అడక్కుండా, తన ఇంటివాళ్లలోంచి ఎనిమిదో పేరు రాసుకున్నాడు.